ముక్కూ మొహం తెలియని బ్యాంకర్‌కి ఏమని రాయాలి?

ప్రశ్న: అమెరికాలో ఎంఎస్ ఫైనాన్స్ మొదటి సెమిస్టర్‌లో ఉన్నాను. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లోకి వెళ్ళాలని ఆశ. లింక్డిన్‌లో కనబడిన తెలుగువాళ్ళందరికీ రెజ్యూమె పంపి రిఫరల్ అడిగాను. ఒక్కరూ పలకలేదు. తప్పెక్కడ?
– ఒక విద్యార్థి, న్యూజెర్సీ

జవాబు: మొదటి మెసేజ్‌లోనే రిఫరల్ అడిగారు చూడండి, తప్పు అక్కడుంది. రిఫర్ చేయడమంటే మీకు పూచీ పడటం. పరిచయం లేనివారికి ఎవరు పూచీ పడతారు? పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడతారా అని మాత్రమే అడగండి. అమెరికా ఫైనాన్స్ రంగంలో ఇది మామూలే, ఎవరూ అతిచొరవ అనుకోరు.

తెలుగువాళ్ళన్న ఒక్క కారణం చాలదు. మీ యూనివర్సిటీలోనే చదివి, రెండు మూడేళ్ళ కిందట బ్యాంకుల్లో చేరిన అనలిస్టులను వెతకండి. మేనేజింగ్ డైరెక్టర్ల కన్నా వాళ్ళు పలికే అవకాశం ఎక్కువ. మెయిల్ ఐదారు వాక్యాలు దాటకూడదు: మీరెవరు, వారినే ఎందుకు అడుగుతున్నారు, మీకు వీలైన వేళలేవి. 'రెస్పెక్టెడ్ సర్' వద్దు. మనకు నోరు రాదు గానీ, అక్కడ పేరు పెట్టి పిలవడమే పద్ధతి. జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి.

వాళ్ళ బ్యాంకు వీసా స్పాన్సర్ చేస్తుందా అన్నది ఫోన్ చివర్లో మొహమాటపడకుండా అడగండి. ఎందుకంటే ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసాపైనే పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండనిస్తారు. కోర్సుకు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) గుర్తింపు ఉంటే, తర్వాత మరో 24 నెలల పొడిగింపుకు దరఖాస్తు చేయొచ్చు. పెద్ద బ్యాంకుల సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఎంపికలు ఏడాది ముందే మొదలవుతాయి కాబట్టి, చిన్న బొటీక్ బ్యాంకులకూ ఈ వారమే రాయండి.