కటారి వయసు చెప్పేదెలా?

పాత కటారి చేతికందగానే "ఏ రాజుది?" అని అడుగుతాం. ముందు పిడిని చూడాలి. రెండు నిలువు కడ్డీల మధ్య అడ్డపట్టీలు. పిడికిట పట్టి గుద్దినట్టు పొడుస్తారు. చేతివెనుక తెరచాప వంటి కాపు ఉంటే అది దక్షిణాది పనితనం. 16, 17 శతాబ్దాల నాటి ఇలాంటివి తంజావూరు ఆయుధాగారంలో ఉండేవి.

ఇక అలుగు. దాన్ని రివెట్లతో బిగించి ఉంటే, ఏ ఐరోపా కత్తి ముక్కో కావచ్చు. అప్పుడు పిడి వయసు వేరు, అలుగు వయసు వేరు! నీటి అలల వంటి చారలుంటే ఊట్జ్ ఉక్కు కావచ్చు. మన నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఆ ఉక్కుకి పేరుపడ్డ ఊరే. బంగారు నగిషీ చూసి మోసపోవద్దు. తర్వాత చేర్చిందీ కావచ్చు.

చివరిగా ఒక్క మాట: తుప్పు వదిలిద్దామని గరుకు కాగితంతో రుద్దకండి. ఆ చారలూ, ముద్రలే దాని జాతకం. ముద్ర అరిగిపోతే మళ్ళీ రాదు.