నలభై రెండు దాటాక

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. మధ్యలో ఫ్లైఓవర్లు, ఎగుడుదిగుళ్లు, ఊపిరాడనివ్వని ఉక్క. మర్నాడు మెట్లు దిగలేక గోడ పట్టుకున్నవాళ్లలో కొందరు, ఆ నొప్పులు తగ్గకముందే యాభై కిలోమీటర్ల పోటీ ఎక్కడుందా అని వెతకడం మొదలుపెడతారు. నేనూ ఆ జాతే. 42.195 కిలోమీటర్లు దాటితే ఏదైనా అల్ట్రాయే. దూరం పెరిగేకొద్దీ కాళ్ల బలం కంటే కడుపు, పాదాలు, తొందరపడని బుద్ధి ఎక్కువ పనికొస్తాయి. తయారీ అంతా వాటికోసమే.

మొదట నేర్చుకోవాల్సింది నెమ్మదిగా పరుగెత్తడం. దీనికి అడ్డొచ్చేది అహమే. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగమే ఈజీ రన్. వారానికి నాలుగైదు రోజులు పరుగెత్తితే అందులో ఎక్కువ భాగం ఇదే ఉండాలి. కేబీఆర్ పార్కు దగ్గర మీకంటే పదేళ్లు పెద్దాయన మిమ్మల్ని దాటిపోతాడు, పోనివ్వండి. ఈ వేగంలోనే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వును ఇంధనంగా వాడుకోవడం ఒంటికి అలవాటవుతుంది. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లో దారికొస్తాయి గానీ ఎముకలకు, టెండన్లకు నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచేసినవాళ్లే ఫిజియోథెరపిస్టు గది ముందు కనిపిస్తారు.

తర్వాత ఆదివారం లాంగ్ రన్. వారం వారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ, మూడు వారాలకోసారి తగ్గించుకుంటూ 30, 32 కిలోమీటర్ల దాకా వెళ్తే మారథాన్‌కు చాలు. సాధనలోనే 42 పరుగెత్తి చూసుకోవాలని చాలామందికి ఉబలాటం. దాన్నుంచి తేరుకోవడానికి పట్టే రోజుల్లో బోలెడు మంచి పరుగులు పోతాయి, వద్దు. (తెల్లవారుజామున నాలుగున్నరకు వీధి కుక్కల దృష్టిలో మనం దొంగలమే. పరుగు ఆపి నడిస్తే చాలావరకు వదిలేస్తాయి.)

ఇక తిండి. సగం పోటీలు ఇక్కడే పోతాయి. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ సుమారు 2,000 కేలరీలు. పరుగులో కిలో బరువుకు కిలోమీటరుకు దాదాపు ఒక కేలరీ ఖర్చవుతుంది. 65 కిలోల మనిషికి మారథాన్ అంటే 2,700 పైమాటే. కొంత కొవ్వు నుంచి వచ్చినా, ముప్పై కిలోమీటర్లు దాటాక నిల్వ అడుగంటుతుంది. రన్నర్లు ‘వాల్’ అనేది దాన్నే. అందుకే ఆకలి వేయకముందే తినడం మొదలుపెట్టాలి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఓ మాదిరి అరటిపండు, నాలుగు ఖర్జూరాలు కలిపితే దాదాపు 50 గ్రాములు వస్తుంది. జెల్ ప్యాకెట్లే కొనాలన్న నియమం లేదు. కాకపోతే పరుగులో రక్తం కాళ్లకు మళ్లి పొట్టకు తగ్గుతుంది, అలవాటు లేని పొట్ట తిప్పికొడుతుంది. పోటీలో ఏం తింటారో అదే ప్రతి లాంగ్ రన్‌లోనూ తినండి. అల్ట్రాలో ఏడెనిమిది గంటలు గడిచాక తీపి చూస్తేనే వికారం పుడుతుంది. అప్పుడు ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంప, రెండు ముద్దల పెరుగన్నం ముందు ఏ జెల్లూ నిలవదు. ఇది పూర్తిగా నా పక్షపాతం.

నీళ్లు తక్కువైతే ప్రమాదమని అందరికీ తెలుసు, ఎక్కువైనా ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడితే తలనొప్పి, వాంతులు, అయోమయం, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. దాహమైతే తాగండి, నీళ్ల బల్ల కనబడినచోటల్లా గ్లాసు ఎత్తకండి. ఉక్కలో చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. దానికి మందు వేగం తగ్గించడం, తల మీద నీళ్లు పోసుకోవడం.

మారథాన్ నుంచి అల్ట్రాకు మారేటప్పుడు వారంలో చేసే మొత్తం దూరం కంటే దాని అమరిక ఎక్కువ మారుతుంది. శనివారం 25, ఆదివారం మళ్లీ 20. రెండోరోజు అలసిన కాళ్లతో బయల్దేరడమే అసలు పాఠం. మారే రెండో విషయం నడక. ఎత్తు వచ్చినప్పుడు నడవడం సిగ్గుపడాల్సిన పని కాదు. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ మధ్య జరిగే కామ్రేడ్స్ అల్ట్రా పోటీని మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన సహచరుల గుర్తుగా విక్ క్లాపమ్ అనే మాజీ సైనికుడు 1921లో మొదలుపెట్టాడు. దాదాపు 90 కిలోమీటర్లు, 12 గంటల గడువు. గడువు ముగిసిందని తుపాకీ పేలాక ఒక్క సెకను ఆలస్యమైనా పతకం రాదు. అక్కడ గడువులోపు చేరేవాళ్లలో చాలామంది ఎత్తుల్లో లెక్క ప్రకారం నడిచేవాళ్లే.

కొండదారుల్లో పరుగెత్తే ట్రైల్‌ పోటీలకు వచ్చేసరికి దిగుడు భయపెడుతుంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి, అందుకే త్వరగా దెబ్బతింటుంది. ముందే కొన్నిసార్లు దిగుడు పరుగు చేసి ఉంటే కొన్ని వారాలపాటు ఆ కండరం తట్టుకుంటుంది. తిరుపతివాళ్లకు అలిపిరి మెట్లున్నాయి, విశాఖవాళ్లకు కైలాసగిరి. హైదరాబాదీలు వికారాబాద్ వెళ్లి అనంతగిరి చూసుకోవాలి. గోళ్లు కురచగా కత్తిరించండి, ఒరుసుకునే చోటల్లా వాసెలిన్ రాయండి, పాదాలు ఉబ్బుతాయి కాబట్టి అరసైజు పెద్ద బూట్లు కొనండి. చీకట్లో హెడ్‌ల్యాంపుతో పరుగెత్తడం ముందే అలవాటు చేసుకోండి. మాంట్ బ్లాంక్ చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్‌ల మీదుగా సుమారు 170 కిలోమీటర్లు, 10,000 మీటర్ల ఎక్కుడు ఉండే యూటీఎంబీ పోటీలో హెడ్‌ల్యాంపు, వానకోటు, ఈల, రేకు దుప్పటి వెంట ఉండి తీరాలి. ఇక బార్క్‌లీ మారథాన్స్ వేరే లోకం. టెనెసీ కొండల్లో ఐదు చుట్లు, దారి గుర్తులుండవు, జీపీఎస్ వాడకూడదు. 2024లో జాస్మిన్ పారిస్ 60 గంటల గడువుకు 99 సెకన్ల ముందు ముగించి, అక్కడ ఐదూ పూర్తిచేసిన తొలి మహిళ అయింది.

చివరి రెండు మూడు వారాలు టేపర్. దూరం సగానికి తగ్గించి, నిద్ర పెంచండి. లేని నొప్పులు ఉన్నట్టు అనిపిస్తాయి, పట్టించుకోకండి.

పోటీ మధ్యలో ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం మింగకండి. ఒంట్లో నీరు తగ్గి, కండరాలు దెబ్బతిన్న సమయంలో అవి మూత్రపిండాలకు హాని చేస్తాయి. ముగించాక మూత్రం కోలా రంగులో వస్తే ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.