కావలి బిళ్ల

హోసూరులో ఒక తెలుగువారి ఇల్లు. ఆ ఇంటి అవ్వకు 73 ఏళ్లు. ఆమెకు చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉంది. వేళ తప్పకుండా మాత్రలు వేసుకుంటుంది. తీపి ముట్టదు. రాత్రిపూట అర ముద్ద సంగటి తిని లేస్తుంది. "ఇంకొంచెం తిను అవ్వా!" అని మనుమడు బతిమాలితే, "వయసైనదానికి ఇది చాలదా!" అంటుంది.

ఒకనాడు తెల్లవారుజామున పెరటివైపు ఏదో పడిన చప్పుడయింది. మనుమడు ఉలిక్కిపడి లేచి పరుగెత్తాడు. గడప దగ్గర అవ్వ పడి ఉంది. ఒళ్లంతా చెమట పట్టింది. "అవ్వా! ఏమయింది?" అని అడిగితే పొంతన లేని మాటలు చెప్పింది. కోడలు ఆమెను మెల్లగా కూర్చోబెట్టి, పాలలో చక్కెర కలిపి తాగించింది. కొంతసేపటికి అవ్వ తేరుకుంది. "ఏమీ లేదు. చీకట్లో కాలు తడబడింది. ముసలితనం!" అని కొట్టిపారేసింది.

మరునాడు కొడుకు ఆమెను డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్లాడు. అదృష్టవశాత్తు ఎముకలు విరగలేదు. రక్తపరీక్షలో మూడు నెలల చక్కెర సగటు కూడా బాగానే ఉంది. "అన్నీ బాగుంటే మరెందుకు పడింది?" అని కొడుకు అడిగాడు. డాక్టరుగారు కొంచెం ఆలోచించి, అవ్వ చేతి వెనుక, భుజానికి కింద, పెద్ద నాణెమంత తెల్లని బిళ్లను అతికించారు. "పద్నాలుగు రోజులు దీనిని తీయవద్దమ్మా. స్నానం చేయవచ్చు, పని చేసుకోవచ్చు" అన్నారు.

ఆ బిళ్ల సంగతి తెలియాలంటే ముందు చక్కెర సంగతి తెలియాలి.

తిన్న ఆహారంలోని పిండిపదార్థాలు జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో చేరతాయి. గ్లూకోజు శరీరానికి శక్తినిస్తుంది. దానిని కణాలు గ్రహించడానికి క్లోమగ్రంథి నుండి వచ్చే ఇన్సులిన్ తోడ్పడుతుంది. తిన్న తరువాత గ్లూకోజును ఎక్కువగా తీసుకొనేవి కండరాలు. వయస్సు పెరిగినకొద్దీ కండ తగ్గుతుంది. ఇన్సులిన్ స్రావమూ తగ్గవచ్చు. అందువల్ల వృద్ధాప్యంలో భోజనం తరువాత చక్కెర పెరిగి, దిగడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది.

చక్కెర ఎక్కువైతే చేటు అని అందరికీ తెలుసు. తక్కువైతే కలిగే చేటు చాలామందికి తెలియదు. మెదడు ముఖ్యంగా గ్లూకోజు మీదనే ఆధారపడి పనిచేస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో గ్లూకోజు 70 మిల్లీగ్రాములకు తగ్గితే వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. ఇంకా తగ్గితే మాట తడబడుతుంది, స్పృహ తప్పవచ్చు. వృద్ధులలో ఈ హెచ్చరికలు మందగిస్తాయి. మూత్రపిండాల పని తగ్గినప్పుడు కొన్ని మాత్రల ప్రభావం ఎక్కువసేపు నిలిచిపోతుంది. పైగా సరిగా తినకుండా పడుకుంటే, నిద్రలోనే చక్కెర పడిపోతుంది. అది ఎవరి కంటా పడదు.

మరి సగటు ఎందుకు బాగుంది? ఒక విద్యార్థికి మూడు పరీక్షలలోనూ 50 చొప్పున మార్కులు వచ్చాయి. మరొకనికి 90, 10, 50 వచ్చాయి. ఇద్దరి సగటూ 50. కాని ఇద్దరి చదువూ ఒకటి కాదు. చక్కెర సగటు కూడా అంతే. పగటి హెచ్చు, రాత్రి తగ్గు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

చక్కెరను కొలవాలన్న ప్రయత్నం ఈనాటిది కాదు. మన పూర్వ వైద్యులు రోగి మూత్రానికి చీమలు పట్టడం గమనించి, ఈ వ్యాధిని మధుమేహం అన్నారు. 1776లో ఇంగ్లండు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ ఆ తీపికి కారణం చక్కెరేనని ప్రయోగపూర్వకంగా చూపాడు. 1962లో అమెరికా శాస్త్రజ్ఞుడు లీలండ్ క్లార్క్ ఎంజైము సాయంతో గ్లూకోజును కొలిచే విధానాన్ని ప్రకటించాడు. తరువాత వేలికొనను పొడిచి, ఒక్క చుక్క రక్తంతో ఇంట్లోనే పరీక్షించుకొనే రోజులు వచ్చాయి. కాని నిద్రపోతున్నవారి వేలిని గంటగంటకూ ఎవరు పొడుస్తారు? ఆ లోటును తీర్చేదే నిరంతర గ్లూకోజు పరికరం. 1999లో అమెరికాలో ఇటువంటి మొదటి పరికరానికి అనుమతి లభించింది. అది మూడు రోజుల లెక్కలను దాచి ఉంచేది. ఆ లెక్కలను తరువాత డాక్టరు చూసేవాడు. ఇప్పటి పరికరాల లెక్కలను ఇంటివారే సెల్‌ఫోనులో చూడవచ్చు.

బిళ్ల కింద వెంట్రుక వంటి సన్నని తీగ ఉంటుంది. అది చర్మం కిందికి చేరి, కణాల మధ్య ఉండే ద్రవాన్ని తాకుతుంది. తీగకు పూసిన ఎంజైము గ్లూకోజుతో కలిసి చర్య జరిపినప్పుడు అతిస్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. గ్లూకోజు ఎక్కువైతే విద్యుత్తు ఎక్కువ, తక్కువైతే తక్కువ. ఆ విద్యుత్తును బట్టి పరికరం లెక్క కట్టి, కొన్ని నిమిషాలకొకసారి నమోదు చేస్తుంది. చెరువు నీరు కాలువ చివరకు చేరడానికి కొంతసేపు పట్టినట్లే, రక్తంలోని మార్పు ఈ ద్రవంలో కనబడడానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

పద్నాలుగు రోజులు గడిచాయి. డాక్టరుగారు అవ్వ లెక్కలను గీతగా చూపించారు. ఉదయం ఫలహారం తరువాత గీత 230 దాకా ఎక్కింది. రాత్రి రెండు, నాలుగు గంటల నడుమ చాలా రోజులు 60 కంటే దిగింది. అవ్వ పడిపోయింది కూడా ఆ వేళకే. "నీ కాలు తడబడలేదమ్మా, నీ చక్కెర తడబడింది" అన్నారు డాక్టరుగారు. రాత్రి మాత్రను మార్చారు. రాత్రి భోజనం తగ్గించవద్దని, పప్పు, కూర చేర్చుకోవాలని చెప్పారు. ఉదయం ఫలహారం తరువాత కొంచెం నడవమన్నారు. మనుమడు ఆమెకు తోడు వెళ్లసాగాడు.

ఇటువంటి మేలును పరిశోధనలు కూడా చూపాయి. అమెరికాలో 60 ఏళ్లు, ఆపైన ఉన్న 203 మంది మొదటి రకం మధుమేహ రోగులపై జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. చక్కెర 70 కంటే తక్కువగా ఉన్న సమయపు మధ్యగతం, పరికరం వాడినవారిలో రోజుకు 73 నిమిషాల నుండి 39 నిమిషాలకు తగ్గింది. వేలికొన పరీక్షలనే కొనసాగించినవారిలో అది 68 నిమిషాల నుండి 70 అయింది.

2019లో అంతర్జాతీయ నిపుణులు కొన్ని హద్దులు సూచించారు. మధుమేహం ఉన్న పెద్దలలో చాలామందికి రోజులో 70 శాతం కంటే ఎక్కువ సమయం చక్కెర 70, 180 నడుమ ఉండాలి. బలహీనులైన వృద్ధులకు 50 శాతం దాటితే చాలు. కాని 70 కంటే తక్కువగా ఉండే సమయం వారికి రోజులో ఒక శాతం లోపే, అంటే పావుగంట లోపే ఉండాలి. వృద్ధులకు కొంచెం హెచ్చు కంటే తగ్గే ఎక్కువ ప్రమాదమని దీని భావం.

పరికరానికీ లోపాలున్నాయి. మొదటి రోజు లెక్క తప్పవచ్చు. బిళ్ల ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే చక్కెర ఉన్నదానికంటే తక్కువగా కనబడవచ్చు. ఒంట్లో తోచేదానికీ లెక్కకూ పొంతన కుదరకపోతే వేలికొన పరీక్ష చేయాలి. ఒక్కొక్క బిళ్లకు వేల రూపాయలవుతుంది. అందరూ ఎల్లకాలం వాడలేరు. అందరికీ అవసరమూ లేదు. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా దించే మాత్రలు గాని వాడే వృద్ధులకు ఇది ఎక్కువ ఉపయోగం. లెక్క చూసి ఇంటివారే మందులు మార్చకూడదు.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా ఈ వ్యాధి ఉన్న పెద్దవారు కనబడతారు. వారందరి చేతులకూ బిళ్ల ఉండదు. కాని ఇంట్లో పిల్లలుంటారు. అవ్వ తినకుండా పడుకున్నదా, తాత మాట తడబడుతున్నదా, చెమట పడుతున్నదా అని వారు గమనించగలరు. మింగగలిగే స్థితిలో ఉన్నవారికి మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్లీ చూడాలి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయకూడదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

అవ్వ ఇప్పుడు రాత్రి కడుపునిండా తింటున్నది. "వయసైనదానికి" అనబోతే మనుమడు ఊరుకోడు.

పదాలు – అర్థాలు

పొంతన = పొందిక, సరిపోలిక
క్లోమగ్రంథి = ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి
స్రావం = ఊరడం, కారడం
నిరంతరం = ఎడతెగకుండా
ఒత్తిగిలు = ఒక ప్రక్కకు తిరిగి పడుకొను

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు జవాబులు వ్రాయండి.
1. అవ్వ పడిపోవడానికి ఇంటివారు అనుకొన్న కారణమేమి? అసలు కారణమేమి?
2. సగటు బాగున్నా ప్రమాదం ఎట్లా దాగి ఉండగలదు? మరొక ఉదాహరణతో వివరించండి.
3. బిళ్ల గ్లూకోజును ఎట్లా కొలుస్తుంది?
4. రోజుకు 1440 నిమిషాలు. అందులో ఒక శాతం ఎన్ని నిమిషాలు?

II. భాషాంశాలు
1. ఏమి + అయింది = ఏమయింది. ఇది ఇత్వసంధి. పాఠంలో "మరెందుకు" అనే పదాన్ని గుర్తించి, విడదీసి, సంధి పేరు వ్రాయండి.
2. "కొట్టిపారేయు", "కంటపడు" – వీటిని సొంతవాక్యాలలో ప్రయోగించండి.

III. చేయండి
1. తండ్రి తల్లిని, తల్లి తల్లిని మీ ఇంట్లో ఏమని పిలుస్తారు? అవ్వ, జేజి, నాయనమ్మ, అమ్మమ్మ వంటి పదాలు సేకరించండి.
2. మీ ఇంటి పెద్దవారు ఏ వేళకు ఏమి తింటారో, ఏ వేళకు మందులు వేసుకుంటారో వారిని అడిగి వారం రోజులు పట్టికలో వ్రాయండి.