సిడ్నీ సంగీతమందిరము

ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ రేవునొద్ద, నీటిలోనికి చొచ్చుకొనిపోయిన నేలపై, ఒక సంగీత నాటక మందిరము కలదు. దాని పేరు సిడ్నీ ఆపెరా హౌస్. దూరమునుండి చూచువారికి గాలి నిండిన తెల్లని తెరచాపలు నిలిచినట్లు తోచును.

ఈ మందిరమునకై జరిగిన పోటీకి 233 నమూనాలు రాగా, 1957లో డెన్మార్కు వాస్తుశిల్పి యోర్న్ ఉట్జన్ గీసిన చిత్రము ఎన్నికయ్యెను. ఆ చిత్రములోని వంపులు చేతితో స్వేచ్ఛగా గీసినవి. వానికి లెక్క లేదు. లెక్క లేని వంపు కాగితముపై నెంత సొంపుగా నున్నను తాపీవానికి పనికిరాదు. ఎక్కడ ఎంత బరువు పడునో తేల్చవలెను. కప్పు కప్పునకు వంపు మారినచో ప్రతి ముక్కకును వేరువేరు అచ్చు కావలెను. అంత ధన మెవ్వ రీయగలరు? ప్రభుత్వమువారు తొందరపడి 1959లోనే పని ప్రారంభించిరి. క్రింద అరుగు లేచుచుండెను. పైకప్పు ఎట్లు నిలుచునో ఎవరికిని తెలియదు! ఆరప్ సంస్థ ఇంజనీర్లు, మీరు పై తరగతులలో చదువబోవు పరవలయము, దీర్ఘవృత్తము మొదలగు వక్రములను ప్రయత్నించుచు ఏండ్లు గడపిరి.

1961 అక్టోబరులో ఉట్జన్‌కు దారి దొరికెను. కప్పులన్నియు ఒకే గోళమునుండి కోసిన ముక్కలైనచో?

బాలలారా! మామిడిపండు బుగ్గనుండి తీసిన తొక్కను దాని ముక్కుపై నద్ది చూడుడు, అతుకదు. రెండుచోట్ల వంపులు వేరు. గుండ్రని బత్తాయి తొక్క యట్లుగాదు. ఏ చోటి ముక్క ఏ చోటనైనను కుదురును. గోళము వంపు అంతటను ఒక్కటే. సిడ్నీ కప్పులకు ఆధారమైన గోళపు వ్యాసార్థము సుమారు 75 మీటర్లు. ఆ గోళమునుండి కోసిన త్రిభుజాకారపు ముక్కలు రెండు, ఒకటి రెండవదానికి అద్దములోని ప్రతిబింబమువలె, నడికొప్పున కలిసి ఒక్కొక్క కప్పగును. తాటియాకు ఈనెలవలె కాంక్రీటు దూలములు అడుగునుండి విప్పారును. అవి పొడవున భేదించును గాని వంపున భేదింపవు. కావుననే కొద్దిపాటి అచ్చులతో 2,194 ముక్కలను నేలపైననే పోతపోసి, క్రేనులతో పైకెత్తి కూర్చగలిగిరి. వానిపై 10 లక్షలకు మించిన పింగాణి పలకలు పరచిరి.

తొలిచిత్రములోని తేలికదనము ఈ లెక్కవలన కొంత పోయినదని కొంద రందురు. నిజమే కావచ్చును. కట్టజాలని సొగసుకన్న నిదియే మేలని నా యభిప్రాయము.

పాలకులతో వివాదము కలిగి ఉట్జన్ 1966లో ఆ దేశము వీడెను. మందిరము 1973లో తెరువబడెను. 2008లో మరణించువరకును అతడు దానిని కనులార చూడలేదు. ఆ కప్పు లొక్క గోళమునుండి యెట్లు పుట్టెనో తెలుపు కంచుఫలక మొకటి మందిరము చెంత నున్నది.