కల్పసూత్ర చిత్రములు

తాటియాకుల గ్రంథములను మీలో కొందరైనను చూచియుందురు. తెలుగునాట గంటముతో ఆకుపై అక్షరములను గీచి, వానిపై మసి పూయుచుండెడివారు. గుజరాతు, రాజస్థానము ప్రాంతములందలి జైనులు కలమును సిరాలో ముంచి వ్రాసిరి. అక్షరముల ప్రక్కన రంగుల బొమ్మలను గూడ వ్రాయించిరి. అట్టి సచిత్ర తాళపత్రములలో 1060వ సంవత్సరమునాటిది జైసల్మేరులో కలదు.

ఇట్లు చిత్రింపబడిన గ్రంథములలో కల్పసూత్రము ముఖ్యమైనది. భద్రబాహుస్వామి దీనిని రచించెనని జైనుల సంప్రదాయము. ఇందు తీర్థంకరుల చరిత్రలు గలవు. వర్షాకాలమున పర్యూషణ పర్వములందు శ్వేతాంబర మునులు దీనిని చదివి వినిపింతురు.

మహావీరుని తల్లి త్రిశలాదేవి 14 శుభస్వప్నములను గాంచెను. చిత్రకారుడు ఆమెను శయ్యపై పరుండినట్లు వ్రాసి, పైభాగమున ఏనుగు, వృషభము, సింహము, లక్ష్మి మొదలుకొని పొగలేని అగ్నివరకు అన్నింటిని అరచేతియంత చోట ఇమిడ్చెను. వేరొక పత్రమున మహావీరుడు రాజ్యభోగములను విడిచి, అశోకవృక్షము క్రింద తన కేశములను తానే పెరికివేయుచుండగా ఇంద్రుడు చేతులు చాచి వానిని గ్రహించును. ఈ బొమ్మలలో ముఖము ప్రక్కకు తిరిగియున్నను, ఆవలి కన్ను చెక్కిలిని దాటి వెలుపలికి కనబడుచుండును. తీర్థంకరుల ముఖములన్నియు ఒక్క తీరుననే యుండును. పడగలున్నచో పార్శ్వనాథుడనియు, వృషభమున్నచో ఋషభదేవుడనియు గుర్తింతురు.

14వ శతాబ్దమునుండి తాటియాకు స్థానమున కాగితము వాడుకలోనికి వచ్చెను. అయినను పత్రములు పొడవుగనే యుండెను. త్రాడు గ్రుచ్చు రంధ్రముతో పనిలేకున్నను, ఆ చోట గుండ్రని గుర్తు నిలిచిపోయెను. 15వ శతాబ్దమున ధనికులైన వర్తకులు ఎఱ్ఱని, నీలిరంగు పత్రములపై బంగారు సిరాతో వ్రాయించిరి.

సర్వమును త్యజించినవాని చరిత్రకు బంగారమేల యని మీరడుగవచ్చును. గ్రంథము వ్రాయించి మునులకిచ్చుట వారికి శాస్త్రదానము. వర్తకుడు తన బంగారమును పెట్టెలో దాచక గ్రంథమునకిచ్చెను. అదియు త్యాగమే.

జైసల్మేరు, పాటణము మున్నగు పట్టణములందలి జ్ఞానభాండారములలో ఈ ప్రతులు నేటికిని నిలిచియున్నవి. కార్తిక శుద్ధ పంచమి జైనులకు జ్ఞానపంచమి. ఆనాడు గ్రంథములను వెలికిదీసి, దుమ్ము దులిపి పూజించుట వారి ఆచారము. పూజయు, సంరక్షణయు నిచట ఒక్కటియే.

నా బాల్యమున మా యింటి అటకపై నొక తాళపత్రముల కట్ట యుండెడిది. ఎవరును దానిని దింపి చూడలేదు. తుదకు దింపునప్పటికి చెదలు తినివేసినవి. అందేమి వ్రాసియుండెనో నేటికిని తెలియదు. మీ యింట అట్టి కట్ట యున్నచో నేడే దింపి చూడుడు.