తోబుట్టువు బిడ్డను పోగొట్టుకొనినప్పుడు

పాఠ్యభాగములు: 1 దినవృత్తాంతములు 7:20–24, యోబు 42:7–11

ప్రియులారా, మన సంఘములలో ఒక యింట బిడ్డ చనిపోయినయెడల ఊరంతయు కూడివచ్చును. భూస్థాపన జరుగును, ఆదరణ కూటము జరుగును. తరువాత ఎవరి పొలమునకు వారు వెళ్లుదురు. అటుపిమ్మట ఆ తల్లిదండ్రుల యొద్ద నిలువవలసినవారెవరు? అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర విధిని గూర్చి ఈ పాఠములో ధ్యానింతము.

1. సహోదరులు వచ్చిరి

ఎఫ్రాయిము దుఃఖము వంశావళుల నడుమ దాగియున్నందున మనము తరచుగా దానిని చదువక దాటిపోవుదుము. అతని కుమారులు గాతువారి పశువులను పట్టుకొనుటకు దిగిపోయి అచ్చటివారి చేతిలో చచ్చిరి. తండ్రి అనేక దినములు ఏడ్చెను. అతని నాదరించుటకు సహోదరులు వచ్చిరి. సహోదరులనగా ఇచ్చట దగ్గరి బంధువులును కావచ్చును.

ఆ మరణములో తప్పు పట్టుటకు చోటున్నది. “వారు అక్కడికేల పోయిరి? నీవేల ఆపలేదు?” అని అడుగవచ్చును. అయితే సహోదరులు అట్లడిగినట్లు లేఖనములో లేదు. ఆదరించుటకు వచ్చిరనియే యున్నది. మనమో, “జ్వరము వచ్చిన నాడే ఆసుపత్రికి తీసికొనిపోయినయెడల బ్రతికియుండును గదా” అందుము. ఆ మాటను ఆ తల్లి రాత్రియంతయు తనలో తానే అనుకొనుచున్నది. తోడబుట్టినవారు దానిని మరల అననక్కరలేదు.

2. ఒక బిడ్డకు మరియొక బిడ్డ బదులు కాదు

తరువాత ఎఫ్రాయిమునకు మరియొక కుమారుడు పుట్టెను. తన యింటికి కీడు కలిగినందున తండ్రి వానికి బెరీయా అని పేరు పెట్టెను. క్రొత్త బిడ్డ వచ్చినను పాత గాయము మరువబడలేదు. కాబట్టి “చిన్నదానవు, ఇంకను పిల్లలు కలుగుదురులే” అని చెల్లెలితో చెప్పుట ఆదరణ కాదు. పోయిన బిడ్డను పేరుపెట్టి తలచుకొనుడి. వాని మేనమామయైనను, మేనత్తయైనను, పెద్దమ్మయైనను వాని మాటలు, వాని ఆటలు జ్ఞాపకము చేసినయెడల, తన బిడ్డను అందరు మరచిపోలేదని ఆ తల్లికి తెలియును. అప్పుడు మీకును కన్నీరు వచ్చునేమో, రానిండు. బేతనియలో మన ప్రభువు ఏడ్చెను.

3. ఆలస్యమైనను వెళ్లవచ్చును

యోబు ఒక్క దినమున ఏడుగురు కుమారులను ముగ్గురు కుమార్తెలను పోగొట్టుకొనెను. స్నేహితులు ఏడు దినములు అతనితో మౌనముగా నేల కూర్చుండిరి, అది మంచిదే. కారణములు చెప్ప మొదలుపెట్టిన తరువాతనే వారు అతని గాయపరచిరి, దేవుని కోపమునకు పాత్రులైరి. సహోదరులైతే తనకు దూరమైరని అతడు 19వ అధ్యాయములో మొరపెట్టెను. కడపటి అధ్యాయములో అతని అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు వచ్చిరి. వారు అతని యింట అతనితో కలిసి భోజనము చేసిరి, అతనికొరకు దుఃఖించిరి, ఒక్కొక్కరు వెండిని, బంగారు ఉంగరమును ఇచ్చిరి.

ఇందులో మనకు పాఠమున్నది. గట్టు తగవువలననో పంపకములవలననో అన్నయింటి గడప త్రొక్కనివారు మనలో లేరా? బిడ్డ పోయిన యింటికి వెళ్లుటకు తగవు తీరువరకు ఆగకుడి. అన్నము వండి తీసికొనిపోయి వారితో కలిసి తినుడి. ఆసుపత్రి అప్పు మిగిలియున్నయెడల చేతనైనది అడుగకముందే ఇయ్యుడి. నాట్ల దినములలో వారి పొలములో ఒక పూట పనిచేయుడి. నెల దాటిన తరువాతను, బిడ్డ పుట్టినదినమునను, క్రిస్మసు నాడును మరల వెళ్లుడి.

4. నిరీక్షణను మెల్లగా చెప్పుడి

థెస్సలొనీకయులకు పౌలు వ్రాసినది దుఃఖింపవద్దని కాదు, నిరీక్షణ లేనివారివలె దుఃఖింపవద్దని (1 థెస్స. 4:13). బిడ్డ తనయొద్దకు తిరిగి రాడనియు తానే వానియొద్దకు వెళ్లుదుననియు దావీదు చెప్పెను (2 సమూ. 12:23). ఆ మాటను దావీదు తానే చెప్పెను గాని, ఎవరును అతని నోట పెట్టలేదు. కనుక మీ తోబుట్టువు పలుకగల దినమువరకు ప్రక్కను కూర్చుండి కనిపెట్టుడి. తొందరపెట్టకుడి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:
1. మన తోబుట్టువులలో బిడ్డను పోగొట్టుకొనినవారెవరు? వారి యింటికి కడపట ఎప్పుడు వెళ్లితిమి?
2. ఈ వారము వారికొరకు ఏ పని చేయుదుము?

ప్రార్థన: తండ్రీ, దుఃఖించు మా తోబుట్టువులయొద్ద ఓపికతో నిలుచుటకును, తగని మాట పలుకక నోరు కాచుకొనుటకును మాకు కృప దయచేయుము. ఆమేన్.