సాంకేతిక విజ్ఞానం – రేపటి బడి – మన స్టడీ అవర్

(హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ ద్వితీయ సంవత్సరం)



"పుస్తకం హస్తభూషణం" అన్నారు పెద్దలు. నేడు ఆ చేతిలోకి సెల్‌ఫోన్ వచ్చి చేరింది. రేపు బడి ఉంటుందా, మాస్టారు ఉంటారా, పాఠాలన్నీ యంత్రమే చెబుతుందా అని మీలో చాలామంది అడుగుతూ ఉంటారు. మన మధురవాడలో ఈ ప్రశ్న మరీ దగ్గరగా వినిపిస్తుంది. ఐటీ కొండల మీది కంపెనీ భవనాలను మనం రోజూ చూస్తూనే ఉన్నాం. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించింది. అందుకు అనుకున్న స్థలాల్లో ఒకటైన తర్లువాడ మన పక్కనున్న ఆనందపురం మండలంలోనే ఉంది. అంత పెద్ద యంత్రాలు మన పొరుగుకు వస్తున్నప్పుడు వాటివల్ల మన చదువుకు ఏం ఒరుగుతుందో ఆలోచించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంతకు ముందు ఏం జరిగింది?

యంత్రం వచ్చి చదువును మార్చేస్తుందనే మాట కొత్తది కాదు. సినిమా యంత్రాన్ని రూపొందించిన వారిలో ఒకరైన థామస్ ఎడిసన్, బడుల్లో పుస్తకాల పని త్వరలో అయిపోతుందని, పాఠాలన్నీ తెర మీదే నేర్చుకుంటారని 1913లోనే అన్నాడు. వందేళ్లు దాటినా పుస్తకాలు మన ట్రంకు పెట్టెల్లో అలాగే ఉన్నాయి.

మన దేశంలో 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు "సైట్" అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. వాటిలో మన రాష్ట్ర గ్రామాలూ ఉన్నాయి. ఉదయం పూట బడిపిల్లలకు పాఠాలు వచ్చేవి. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. ఆ తరువాత 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి కేవలం విద్య కోసమే "ఎడ్యుశాట్" ఉపగ్రహాన్ని ప్రయోగించారు. 2010లో దాని పని కూడా ముగిసింది.

వీటికి భిన్నంగా నిలబడిన ప్రయత్నం ఒకటుంది. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. బడిలో చదివిన సర్టిఫికెట్ లేని వారికి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్నారు. అక్కడ ఉన్నవి అచ్చు పుస్తకాలు, రేడియో పాఠాలు, వాటితోపాటు సందేహాలు తీర్చే అధ్యయన కేంద్రాలు. సాంకేతికత సామాన్యమైనదే. కానీ పాఠం విన్నాక వెళ్లి అడగడానికి ఒక చోటు, ఒక మనిషి ఉన్నారు.

పరికరం చేతికిస్తే చాలా?

దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పిల్లలకోసం లక్షల సంఖ్యలో చిన్న లాప్‌టాప్‌లు కొన్నది. 2012లో వెలువడిన పరిశోధనలో లాప్‌టాప్‌లు అందిన గ్రామీణ బడులను, అందని బడులను పోల్చి చూశారు. లెక్కల్లోగానీ, భాషలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మరి ఢిల్లీలో "మైండ్‌స్పార్క్" అనే సాఫ్ట్‌వేర్ మీద జరిగిన పరిశోధన 2019లో అచ్చయింది. అక్కడ నాలుగున్నర నెలల్లోనే పిల్లలు లెక్కల్లో, హిందీలో స్పష్టంగా ముందుకు వెళ్లారు. ఇలా ఎందుకు జరిగింది? ఆ సాఫ్ట్‌వేర్ పిల్లవాడు ఏ తరగతిలో కూర్చున్నాడో చూసి ఊరుకోలేదు, నిజంగా అతనికి ఎంతవరకు వచ్చో కనిపెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టింది. సగం సేపు కంప్యూటరు, మిగతా సగం సేపు చిన్న బృందంలో ఒక బోధకుని దగ్గర అభ్యాసం. వారానికి ఆరు రోజులు ఇలాగే జరిగింది.

మన రాష్ట్రంలోనూ 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. అందులో పాఠాలు బైజూస్ సంస్థవి. ఆ సంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పేదపిల్లల చేతికి ట్యాబ్ రావడం మంచిదే. కానీ ఒక కంపెనీ పాఠాల మీదే ఆధారపడితే అది అద్దె ఇంట్లో కాపురం లాంటిది.

మన పిల్లలకు అసలు కొరత ఏది?

2020 మార్చిలో కరోనా వల్ల హాస్టళ్లు మూసివేశారు. అందరం ఇళ్లకు చేరాం. మా ఇంట్లో ఉన్న ఒక్క ఫోనును నాన్న పనికి తీసుకెళ్లి రాత్రికి తెచ్చేవారు. ఆ రాత్రుల్లో చూసిన ఇంటర్ పాఠాలు నాకు ఉపయోగపడ్డాయి. కాని అర్థం కాని చోట అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. మా కుటుంబంలో డిగ్రీ వరకు వచ్చిన మొదటి వాడిని నేను.

తమ్ముళ్లారా! అసలు తేడా ఇక్కడే ఉంది. చదువుకున్న తల్లిదండ్రులున్న ఇంట్లో రాత్రి పది గంటలకు కూడా సందేహం అడగవచ్చు. మన ఇళ్లలో ఆ వీలు లేదు. 2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ వంటి కృత్రిమ మేధ పరికరాలు మొదటిసారిగా ఆ లోటును కొంత తీర్చగలవు. తెలుగులో అడిగినా జవాబిస్తాయి. ఒకే ప్రశ్న పదిసార్లు అడిగినా విసుక్కోవు. అందుకే ఈ మార్పు అందరికంటే మనకే ఎక్కువ అవసరం. అయితే అవి ఒక్కొక్కసారి తప్పును కూడా ధైర్యంగా చెబుతాయి. ఇంటిపని మొత్తం మన బదులు చేసిపెట్టి, మనకు ఏమీ రాకుండానూ చేయగలవు.

రేపటి బడి

రేపు పాఠం వినడం ఎక్కడైనా జరుగుతుంది. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ల ద్వారా "దీక్ష"లో పాఠాలు తెరుచుకుంటాయి. డిగ్రీ, పీజీ వారికి 2017లో మొదలైన "స్వయం" కోర్సులు ఉచితం. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం తయారుచేసిన "ఫెట్" ప్రయోగాల్లో బల్బు, బ్యాటరీ, తీగలు తెర మీదే కలిపి చూడవచ్చు. వాటిలో కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా పనిచేసేవీ ఉన్నాయి. పాఠం ఇలా ఎక్కడైనా దొరికినప్పుడు బడి మిగతా పనికి, అంటే అభ్యాసానికి, ప్రయోగానికి, చర్చకు నిలయమవుతుంది. ఉపాధ్యాయుడు ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో చూసి చేయందించే వాడవుతాడు.

ఆలోచిస్తే మన హాస్టల్‌లో ఆ ఏర్పాటు సగం ఇప్పటికే ఉంది. రోజూ స్టడీ అవర్ ఉంది. పక్కనే పై తరగతి అన్న ఉన్నాడు. ట్యూటర్ ఉన్నారు. లక్షలు ఖర్చుపెట్టినా ఇంటి దగ్గర ఒంటరిగా చదివే పిల్లవాడికి ఇవి దొరకవు.

మనం చేయదగినవి

1. ముందు మన బుర్ర, తరువాత యంత్రం. ఉదాహరణకు 6 ఓములు, 3 ఓముల నిరోధాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం ఎంత? నేరుగా అడిగితే యంత్రం "2 ఓములు" అంటుంది, మనకు మిగిలేది అంకె ఒక్కటే. ముందుగా వలయం గీయండి. విద్యుత్తుకు రెండు దారులున్నాయి కనుక జవాబు 3 కంటే తక్కువే ఉండాలని ఊహించండి. 1/6 + 1/3 = 1/2 అని లెక్క కట్టండి. ఆగిపోతే సూచన మాత్రమే అడగండి.

2. యంత్రం చెప్పినదాన్ని పాఠ్యపుస్తకంతో సరిచూడండి.

3. నేర్చుకున్నది పక్కవాడికి పుస్తకం చూడకుండా చెప్పండి. చెప్పలేకపోతే ఇంకా రాలేదన్నమాట.

4. హాస్టల్‌కు ఒక కంప్యూటరు ఉన్నా చాలు. తరగతుల వారీగా వేళలు రాసి గోడకు అంటించాలి. పెద్ద తరగతులవారే దాన్ని ఆక్రమించకూడదు.

5. పూర్వ విద్యార్థులకు మనవి. మీ ఇంట్లో మూలనపడిన లాప్‌టాప్ ఉంటే ఇవ్వండి. దానితోపాటు నెలకు ఒక ఆదివారం కూడా ఇవ్వండి. పెరూ అనుభవం చూశాక, లాప్‌టాప్ కంటే ఆ ఆదివారమే విలువైనదని నా నమ్మకం.

ముగింపు

తర్లువాడకు యంత్రాలు వచ్చినప్పుడు అక్కడ కాపలా ఉద్యోగాలు ఉంటాయి, ఇంజనీరు ఉద్యోగాలూ ఉంటాయి. కష్టపడి చేసే ఏ పనీ తక్కువ కాదు. కాని మనవాళ్లు గేటు దగ్గరే ఆగిపోకూడదు. అందుకు ఏ ఉపగ్రహం కోసమో, ఏ ట్యాబ్ కోసమో ఎదురుచూడనక్కరలేదు. ఈ రోజు సాయంత్రం స్టడీ అవర్‌లో, వచ్చిన లెక్కను రాని తమ్ముడికి చెప్పడంతో మొదలుపెడదాం.